ఛానెల్ సగం ఖాళీగానే ఉంది, అయినా సెకండరీ ప్యాకెట్ అర సెకను ఎందుకు ఆగుతోంది?

తరంగిణి_24

అందరికీ నమస్కారం. ఎంటెక్ రెండో ఏడాది చదువుతున్నాను. కాగ్నిటివ్ రేడియోలో (ఖాళీగా ఉన్న లైసెన్సు ఛానెల్‌ని కనిపెట్టి వాడుకునే రేడియో) స్పెక్ట్రమ్ పంచుకోవడాన్ని క్యూయింగ్ మోడల్‌గా రాసుకుని పైథాన్‌లో సిమ్యులేషన్ చేస్తున్నాను. ఉన్నది ఒక్కటే ఛానెల్. లైసెన్సున్న ప్రైమరీ యూజర్ రాగానే, లైసెన్సు లేకుండా ఖాళీలో వాడుకుంటున్న సెకండరీ తప్పుకోవాలి. ప్రైమరీ వెళ్ళిపోయాక, ఆపిన చోటి నుంచి మిగతా ప్యాకెట్ పంపుకోవచ్చు. రాకలు రెండు వైపులా పాయిసాన్ (ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా, యాదృచ్ఛికంగా), ప్రసార కాలాలు రెండు వైపులా ఎక్స్‌పొనెన్షియల్.

ప్రైమరీ సగం సేపు ఛానెల్ వాడుతుంది, అంటే రో1 = 0.5. సెకండరీ లోడ్ రో2 = 0.3, సగటు ప్యాకెట్ 1 మిల్లీసెకను. మొదటి రన్‌లో ప్రైమరీ ప్రసారం కూడా సగటున 1 మి.సె. పెట్టాను. సెకండరీ ప్యాకెట్ సగటు డిలే 10 మి.సె. వచ్చింది. రెండో రన్‌లో ప్రైమరీ ప్రసారాన్ని 100 మి.సె. చేసి, రాకల రేటును నూరో వంతుకు దించాను. రో1 అదే 0.5. డిలే మాత్రం 500 దాటిపోయింది! త్రూపుట్ రెండింటిలోనూ సెకనుకు 300 ప్యాకెట్లే.

"ఆక్యుపెన్సీ మారనప్పుడు డిలే యాభై రెట్లు ఎలా పెరుగుతుంది? కోడ్‌లో బగ్ ఉంది, చూసుకో" అంటున్నారు మా సార్. కోడ్ అంతా జల్లెడ పట్టాను, ఏమీ దొరకలేదు. బగ్ నాదా, సిద్ధాంతానిదా?

క్యూ_మాస్టారు

బగ్ లేదమ్మా. నీ రెండు అంకెలూ సరైనవే. రెండోది 505 దగ్గర ఆగిందా లేదా చూసి చెప్పు.

ఇది ప్రీఎంప్టివ్ రిజ్యూమ్ ప్రయారిటీ (పెద్దవాడు రాగానే ఆగి, తర్వాత ఆపిన చోటి నుంచి సాగడం) ఉన్న ఎం/ఎం/1 క్యూ, అంటే పాయిసాన్ రాకలు, ఎక్స్‌పొనెన్షియల్ కాలాలు, ఒకే సర్వర్. ప్రైమరీకి సెకండరీ కనిపించనే కనిపించదు, దాని మానాన అది మామూలు ఎం/ఎం/1. సెకండరీ వైపు నుంచి చూస్తే మాత్రం సర్వర్ మధ్యమధ్యలో పాడైపోతూ, మళ్ళీ బాగవుతూ ఉన్నట్టు. ప్రయారిటీనీ, సర్వర్ చెడిపోవడాన్నీ ఒకే గాటన కట్టి లెక్కగట్టడం 1958 నాటికే వైట్, క్రిస్టీ అనే ఇద్దరు చేసేశారు. అప్పటికి కాగ్నిటివ్ రేడియో అన్న మాటే పుట్టలేదు. మిటోలా ఆ పేరుతో పేపరు రాసింది 1999లో.

సూత్రం ఇది:

సెకండరీ మొత్తం కాలం = సొంత ప్రసార కాలం ÷ (1 − రో1) + ఆర్ ÷ [(1 − రో1) × (1 − రో1 − రో2)]

ఇందులో "ఆర్" అంటే, కొత్తగా వచ్చిన ప్యాకెట్‌కి ఎదురయ్యే, అప్పటికే సగంలో ఉన్న పని సగటు. ఒక్కో తరగతికి రాకల రేటు × ప్రసార కాలపు రెండో మూమెంట్ (వర్గాల సగటు) ÷ 2 లెక్కన తీసి కూడాలి. ఎక్స్‌పొనెన్షియల్‌కి అది రో × సగటు కాలం అవుతుంది.

మొదటి రన్: ఆర్ = 0.5 × 1 + 0.3 × 1 = 0.8. కాలం = 1 ÷ 0.5 + 0.8 ÷ (0.5 × 0.2) = 2 + 8 = 10 మి.సె.
రెండో రన్: ఆర్ = 0.5 × 100 + 0.3 = 50.3. కాలం = 2 + 503 = 505 మి.సె.

మీ సార్ చూస్తున్నది హారం వైపు. అక్కడ ఆక్యుపెన్సీ ఉంది, అది మారలేదు. మారింది లవం. ఛానెల్ ఎంత శాతం నిండి ఉందన్నది త్రూపుట్‌ని నిర్ణయిస్తుంది. డిలేని నిర్ణయించేది ఒక్కసారి నిండితే ఎంతసేపు నిండి ఉంటుందన్నది.

అల్లరి_ఆంటెన్నా

సీఎం కాన్వాయ్ అన్నమాట. రోజుకు గంటసేపు రోడ్డు ఆపారనుకుందాం. నిమిషం చొప్పున అరవైసార్లు ఆపితే ఎవరూ పట్టించుకోరు. ఒకేసారి గంట ఆపితే ఆఫీసులో సంతకం గల్లంతు. పోలీసువారి రిపోర్టులో మాత్రం రెండు రోజులూ "రోడ్డు 96 శాతం సమయం తెరిచే ఉంది".

తరంగిణి_24

మాస్టారూ, 504.2 దగ్గర ఉంది! చాలా చాలా థాంక్స్. ఇంకో చిన్న సందేహం. క్యూ పొడవు కూడా ప్రింట్ చేశాను, రెండో రన్‌లో సగటున 150 పైనే ఉంటోంది. అది సరేనా?

క్యూ_మాస్టారు

లిటిల్ సూత్రం వేసి చూడు. సెకనుకు 300 ప్యాకెట్లు × 0.505 సెకన్లు = 151.5. మొదటి రన్‌లో 300 × 0.010 = 3. అసలు పరికరంలో బఫర్ ఎంతుంటుందో ఇక్కడే ఆలోచించాలి. బఫర్ 50 ప్యాకెట్లకే కట్టేస్తే నీ డిలే గ్రాఫ్ ముద్దుగా తగ్గిపోతుంది, ఎందుకంటే ఆలస్యమయ్యే ప్యాకెట్లు లోపలికే రావు. డిలే పక్కన లాస్ గీయని గ్రాఫ్‌ని నేనైతే నమ్మను.

కరీంనగర్_కుర్రోడు

మాస్టారు లెక్క మంచిగుంది గానీ నాకొక డౌటు అక్కా. నువ్వు రిజ్యూమ్ అనుకున్నవ్ గదా. అసలు రేడియోల గట్ల ఏడుంటది? ఫ్రేమ్ సగంల కోసేస్తే చెక్‌సమ్ (తప్పులు పట్టే లెక్క) తప్పుతది, అవతలోడు మొత్తం పారేస్తడు. మళ్ల మొదటి బిట్ నుంచి పంపాలె. గది రిపీట్, రిజ్యూమ్ కాదు.

రిపీట్‌కి లెక్క వేరే. ప్యాకెట్ పొడవు ఎక్స్ ఫిక్స్‌డ్ అనుకుంటే, దాన్ని పూర్తి చేయనీకి కావాల్సిన ఖాళీ ఛానెల్ సమయం సగటున [ఈ (2.718) పవర్ (లామ్డా1 × ఎక్స్) − 1] ÷ లామ్డా1. లామ్డా1 అంటే ప్రైమరీ రాకల రేటు. నీ మొదటి రన్‌ల లామ్డా1 మి.సె.కి 0.5. ఎక్స్ = 1 అయితే 1.3 మి.సె. పడతది. గదే 5 మి.సె. ప్యాకెట్ పెట్టు, 22 మి.సె. దాటుతది! రెండో రన్‌ల లామ్డా1 = 0.005, అక్కడ 1 మి.సె. ప్యాకెట్‌కి 1.0025, అంటే ఫరకే పడదు.

సూడు ఎట్ల తిరగబడ్డదో. ప్రైమరీ చిన్న చిన్న ముక్కలుగ వస్తే వెయిటింగ్ తక్కువ గానీ ప్యాకెట్లు ఆగం ఆగం అయితయ్. పెద్ద ముక్కలుగ వస్తే ప్యాకెట్లు బతుకుతయ్ గానీ క్యూ పెరుగుతది.

క్యూ_మాస్టారు

శభాష్ తమ్ముడూ. దీనికి తోకగా ఒక ఉచ్చు చెబుతాను, సిమ్యులేషన్ రాసేవాళ్ళు తరచూ ఇందులో పడతారు.

రిపీట్ కోడ్ రాసేటప్పుడు, ఆగిపోయిన ప్యాకెట్‌కి మళ్ళీ కొత్త రాండమ్ పొడవు తీస్తారు. ఎక్స్‌పొనెన్షియల్‌కి జ్ఞాపకం లేదు కాబట్టి అలా తీస్తే ఫలితం అచ్చం రిజ్యూమ్‌లాగే వస్తుంది. "రిపీట్‌కీ రిజ్యూమ్‌కీ తేడా లేదు" అని రాసేస్తారు. నిజానికి అదే ప్యాకెట్, అదే పొడవుతో మళ్ళీ వెళ్ళాలి. అప్పుడు పొడుగు ప్యాకెట్లకే మళ్ళీ మళ్ళీ గండి పడుతుంది. తరంగిణి మొదటి రన్ అంకెలతో లెక్కేస్తే ఒక్కో ప్యాకెట్‌కి సగటున 2 మి.సె. ఖాళీ ఛానెల్ కావాలి. మి.సె.కి 0.3 ప్యాకెట్లు వస్తున్నాయి, అంటే కావలసింది 0.6, దొరికేది 0.5. క్యూకి అంతు ఉండదు! 10 మి.సె. అని వచ్చిన అదే వ్యవస్థ రిపీట్‌లో అస్థిరం. ప్యాకెట్‌ని 1 మి.సె.కి బిగిస్తే 0.39 దగ్గర ఆగుతుంది, బతికిపోతాం.

గుంటూరు_గెయిన్

సెన్సింగ్ సంగతి ఎవరూ ఎత్తలేదేమండీ? ప్రైమరీ వచ్చిందో లేదో సెకండరీకి ఆకాశవాణి చెప్పదు కదా. ప్రతి ఫ్రేమ్ మొదట్లో కాసేపు నోరు మూసుకుని వినాలి. ఆ సమయమంతా సర్వర్ సెలవులో ఉన్నట్టే.

ఈ విషయంలో 2008లో వచ్చిన పేరున్న లెక్క ఒకటుంది. ఫ్రేమ్ 100 మి.సె., ప్రైమరీ సిగ్నల్ నాయిస్‌తో పోలిస్తే −20 డీబీ (నూరో వంతు) అంత బలహీనంగా ఉండగా, 90 శాతం పసిగట్టాలంటే వినడానికి సరైన సమయం 14.2 మి.సె. అని తేలింది. తక్కువ వింటే ఖాళీ ఛానెల్‌ని కూడా నిండిందనుకుని ఊరుకుంటాం, ఎక్కువ వింటే పంపడానికి సమయం మిగలదు.

దాన్ని తరంగిణి గారి మోడల్‌లో పెట్టి చూడండి. తప్పుడు అలారం 10 శాతం అనుకుంటే సెకండరీకి దక్కేది 0.5 × 0.858 × 0.9 = 0.386. లోడ్ 0.3. కాగితం మీద 60 శాతం నిండిన క్యూ కాస్తా 78 శాతం నిండింది. అంటే డిలే రెట్టింపు దాటిపోతుంది. సెన్సింగ్ పేపర్లు త్రూపుట్‌లో 23 శాతం పోయిందని రాసి ఊరుకుంటాయి. క్యూ ముందు నిలబడ్డవాడికి తెలుస్తుంది అసలు నొప్పి.

వర్జీనియా_తెలుగు

నేను అమెరికాలో సీబీఆర్ఎస్ (నేవీ రాడార్ల బ్యాండ్‌ని ఇతరులతో పంచుకునే పద్ధతి) నెట్‌వర్కుల మీద పని చేస్తున్నాను. మీ చర్చ బాగుంది, కానీ మిల్లీసెకన్లలో వచ్చిపోయే ప్రైమరీని నేనింతవరకు చూడలేదు. ఫీల్డ్‌లో ఎలా ఉంటుందో చెబుతాను.

3550 నుంచి 3700 మెగాహెర్ట్‌జ్ దాకా 150 మెగాహెర్ట్‌జ్. మూడు అంతస్తులు. పైన నేవీ రాడార్ల లాంటి పాత హక్కుదారులు. వాళ్ళ కింద వేలంలో కొన్న ప్రయారిటీ లైసెన్సులు, కౌంటీకి గరిష్ఠంగా ఏడు, ఒక్కోటి 10 మెగాహెర్ట్‌జ్. 2020 వేలంలో వీటికి దాదాపు 458 కోట్ల డాలర్లు వచ్చాయి. అట్టడుగున "ఎవరైనా వాడుకోవచ్చు" వర్గం. నియమాలు 2015లో వచ్చాయి, వ్యాపారపరంగా మొదలైంది 2019 సెప్టెంబరులో.

ఇక్కడ బేస్ స్టేషన్ తనంతట తాను రాడార్‌ని వినదు. తీరం వెంబడి పెట్టిన సెన్సర్లు వింటాయి, స్పెక్ట్రమ్ యాక్సెస్ సిస్టమ్ అనే క్లౌడ్ సర్వర్‌కి చెబుతాయి, అది మా బేస్ స్టేషన్‌కి చెబుతుంది. సెన్సర్ చెప్పిన 300 సెకన్లలోగా ఆ ప్రాంతంలో ఆ ఫ్రీక్వెన్సీ ఖాళీ చేయించాలి. సర్వర్ చెప్పిన 60 సెకన్లలోగా మేం ఆపేయాలి. రాడార్ ఎప్పుడు ఆగుతుందో ఓడ ఇష్టం.

ఇందులో ప్యాకెట్ ఎక్కడ ఆగుతుంది, అర సెకను ఎక్కడ ఆగుతుంది? రాడార్ పోయేదాకా ఏ ప్యాకెట్టూ కూర్చోదు, టీసీపీ (ప్యాకెట్ల బట్వాడా చూసే ఇంటర్నెట్ ప్రోటోకాల్) ఎప్పుడో చేతులెత్తేస్తుంది. మాకు కావలసిన ప్రశ్న వేరు: ఖాళీ చేయమన్నప్పుడు పోవడానికి ఇంకో ఛానెల్ ఉందా లేదా? అది క్యూ కాదు, లాస్ మోడల్: చోటు లేకపోతే ఆగడం ఉండదు, పోవడమే.

క్యూ_మాస్టారు

ఒప్పుకుంటాను, కానీ అదీ మా కొంపలోనిదే. డెన్మార్క్ గణితజ్ఞుడు ఎర్లాంగ్ 1917లో కోపెన్‌హేగన్ టెలిఫోన్ లైన్లకు వేసిన లెక్క.

మూడు ఛానెళ్ళు, ప్రైమరీ లోడ్ 1 ఎర్లాంగ్ (సగటున ఒక ఛానెల్ నిండేంత) అనుకోండి. మూడూ ప్రైమరీతోనే నిండిపోయే సంభావ్యత (1/6) ÷ (1 + 1 + 1/2 + 1/6) = 1/16, అంటే 6.25 శాతం. సెకండరీలు ఎందరున్నా ఇది మారదు. సెకండరీ కోసం మాత్రం రెండు అంకెల స్థితి కావాలి: ప్రైమరీలు ఎందరు, సెకండరీలు ఎందరు. మూడు ఛానెళ్ళకు 10 స్థితులు, చేత్తోనే రాసుకోవచ్చు. అన్నీ నిండి ఉండగా ప్రైమరీ వస్తే ఒక సెకండరీ బలి.

అసలు రుచి రిజర్వేషన్‌లో ఉంది. ఒక ఛానెల్‌ని కొత్త సెకండరీలకు ఇవ్వకుండా అట్టిపెడితే, నడుస్తున్న సెకండరీ కాల్ మధ్యలో తెగడం తగ్గుతుంది, కొత్తవాళ్ళు గుమ్మం దగ్గరే వెనక్కి వెళ్ళడం పెరుగుతుంది. మధ్యలో తెగిన కాల్ అసలు కలవని కాల్ కంటే ఎన్ని రెట్లు చేదో ముందు చెప్పకుండా "ఆప్టిమల్ రిజర్వేషన్" కనుక్కున్నామనడం నాకు మింగుడుపడదు. ఆ బరువు మనిషి పెట్టేది, మార్కోవ్ చైన్ (ఒక స్థితి నుంచి ఇంకో స్థితికి మారే లెక్క) నుంచి రాదు.

మ్యూనిక్_మావయ్య

రాడార్ అంటున్నారు కాబట్టి ఇంట్లో వైఫై కూడా ఒక రకం సెకండరీయేనని గుర్తుచేస్తున్నాను. 5 గిగాహెర్ట్‌జ్‌లో కొన్ని ఛానెళ్ళకు డీఎఫ్ఎస్ నియమం ఉంటుంది. వాడకముందు 60 సెకన్లు వినాలి. రాడార్ వినబడితే 10 సెకన్లలో వదిలేయాలి, ఆపై 30 నిమిషాలు ఆ ఛానెల్ జోలికి పోకూడదు. ఇక్కడ యూరప్‌లో వాతావరణ రాడార్లున్న 5600–5650 మెగాహెర్ట్‌జ్ మీదైతే వినే సమయమే 10 నిమిషాలు.

మోడల్ పరంగా ఇందులో తమాషా ఏమిటంటే, రాడార్ పల్స్ మైక్రోసెకన్లలో పోతుంది, మన సర్వర్ మాత్రం అరగంట పాడైనట్టు. ఆటంకం పొడవుకీ ప్రైమరీకీ సంబంధమే లేదు, నియమం రాసిన కమిటీ నిర్ణయించిన స్థిర సంఖ్య అది. నిజం రాడారైనా, పక్కింటివాళ్ళ పరికరం చేసిన గోలని రాడార్ అనుకున్నా, శిక్ష అదే అరగంట. అందుకే ఇక్కడ తప్పుడు అలారం రేటే అసలైన పారామీటర్. మా అపార్ట్‌మెంట్ బ్లాకులో చాలామంది రౌటర్లు 36–48 ఛానెళ్ళకే అతుక్కుని ఉంటాయి, ఈ బాధ పడలేక. డీఎఫ్ఎస్ ఛానెళ్ళు బోసిగా పడి ఉంటాయి.

గుంటూరు_గెయిన్

మరి మన దేశంలో టీవీ వైట్ స్పేస్ (టీవీకి కేటాయించినా ఖాళీగా ఉన్న ఛానెళ్ళు) మీద వచ్చిన పేపర్ల సంగతేమిటి? అన్నీ పాయిసాన్ ప్రైమరీలే!

క్యూ_మాస్టారు

దాని మీద నాకు కొంచెం ఆవేశం ఉంది, క్షమించండి. టీవీ టవర్ పాయిసాన్‌గా వచ్చిపోదు. పొద్దున మొదలైతే రాత్రిదాకా ఉంటుంది, లేదా అసలు ఉండదు. మన దగ్గర 470–590 మెగాహెర్ట్‌జ్ మధ్య 8 మెగాహెర్ట్‌జ్ చొప్పున 15 ఛానెళ్ళు. వాటిని వాడినది దూరదర్శన్ ఒక్కటే. ఐఐటీ బాంబే వాళ్ళు 2014లో వేసిన లెక్క ప్రకారం దేశంలో ఎక్కడ నిలబడినా వాటిలో కనీసం 12 ఖాళీ. ఆ తర్వాత అనలాగ్ ట్రాన్స్‌మిటర్లు కూడా చాలావరకు మూతపడ్డాయి. మహారాష్ట్రలోని పాల్‌ఘర్ జిల్లా పల్లెల్లో ఆ ఐఐటీ వాళ్ళే ఇదే బ్యాండ్ మీద ఇంటర్నెట్ ఇచ్చి చూపించారు. అక్కడ కావలసింది ఏ ఊళ్ళో ఏ ఛానెల్ ఖాళీయో చెప్పే డేటాబేస్. అమెరికా ఎఫ్‌సీసీ (అక్కడి కమ్యూనికేషన్ల నియంత్రణ సంస్థ) కూడా 2008లో సెన్సింగ్ తప్పనిసరి అని, 2010లో డేటాబేస్ చూసుకునే పరికరాలకు అక్కర్లేదని తీసేసింది. అలాంటి చోట ప్రైమరీకి లామ్డా, మ్యూ (రాకల రేటు, ప్రసార రేటు) తగిలించి మార్కోవ్ చైన్ గీయడం పెళ్ళిలో బ్యాండు మేళం లాంటి అలంకారం.

తరంగిణీ, నువ్వు థీసిస్‌లో మొదటి అధ్యాయంలోనే నీ ప్రైమరీ ఎవరో రాసెయ్యి. మిల్లీసెకన్లలో వచ్చిపోయే పొరుగు వైఫైయా, నిమిషాల కాలా, ఓడ మీద రాడారా. దాన్నిబట్టే ప్యాకెట్ క్యూనా, లాస్ మోడలా తేలుతుంది.

తరంగిణి_24

పొరుగు ట్రాఫిక్ అనే రాస్తాను మాస్టారూ, బర్స్ట్‌లు మిల్లీసెకన్లలోనే ఉన్నాయి. ఇంకో రన్ చేశాను: ప్రైమరీ ప్రసారాన్ని ఎక్స్‌పొనెన్షియల్ కాకుండా కచ్చితంగా 100 మి.సె. పెట్టాను. డిలే 505 నుంచి 255కి పడింది. సగటు అదే!

క్యూ_మాస్టారు

స్థిర కాలానికి రెండో మూమెంట్ ఎక్స్‌పొనెన్షియల్‌లో సగమే. ఆర్ 25.3 అవుతుంది, 2 + 253. అదే మీ సార్‌కి చూపించు, సూత్రం కంటే త్వరగా నమ్ముతారు. పారెటో లాంటి పొడుగు తోక (అప్పుడప్పుడు మరీ పెద్ద విలువలు వచ్చే పంపిణీ) పెట్టి, రెండో మూమెంట్ అనంతమయ్యేలా చేస్తే, ఆక్యుపెన్సీ అదే 50 శాతం ఉన్నా సగటు డిలేకి హద్దే ఉండదు. సిమ్యులేషన్ ఎంతసేపు నడిపితే అంత పెరుగుతూ పోతుంది. అప్పుడు నిజంగా బగ్ అనుకుంటారు.

కరీంనగర్_కుర్రోడు

ఇంకొకటి అడుగుత మాస్టారు. రెండు ఛానెళ్లున్నయ్ అనుకో, రెండింటి మీద ప్రైమరీ తీరు ఒక్కటే, 100 మి.సె. ఎక్స్‌పొనెన్షియల్, 0.5. నా ఛానెల్ మీదికి ప్రైమరీ వచ్చింది. ఛానెల్ మారనీకి 20 మి.సె. పడతది. ఆడనే ఆగాల్నా, అవతలి ఛానెల్‌కి దుంకాల్నా? నాకైతే దుంకుడే మంచిదనిపిస్తుంది. ఆగితే 200 మి.సె., ఎందుకంటే ఒక ప్రైమరీ పోయేలోపు ఇంకోటి వస్తది. దుంకితే 20, పైగా అది కూడా నిండి ఉండే అవకాశం సగమే, అంటే 20 + 100 = 120.

క్యూ_మాస్టారు

ఆగితే 200, అంతవరకు సరే. దూకాక నిండి ఉంటే 200 అనుకున్నావు, అక్కడ చూడు. నీ ఛానెల్ మీద ప్రైమరీ ఇప్పుడే వచ్చింది, దాని రద్దీ మొదలైన క్షణం నీకు తెలుసు. అవతలి ఛానెల్‌లోకి నువ్వు ఏ క్షణంలో పడతావో తెలియదు. అలా పడినప్పుడు పొడుగు రద్దీల మధ్యలో పడే అవకాశమే ఎక్కువ. ఎం/ఎం/1లో నిండి ఉందని తెలిశాక అక్కడ సగటున ఇద్దరు ప్రైమరీలు ఉంటారు, ఒక్కొక్కరి వెనక 200, మొత్తం 400. కాబట్టి దూకితే 20 + 0.5 × 400 = 220. ఆగితే 200. గుడ్డిగా దూకడం నష్టం.

ముందే అటు విని, ఖాళీ అని తెలిశాకే దూకితే 20 మి.సె., ప్లస్ విన్న సమయం. ఆ బేరం వేరు. ప్రైమరీ వెనక ఇంకో ప్రైమరీ క్యూ కట్టని ఆన్–ఆఫ్ రకం, ఒక్కో ఆన్ 200 మి.సె. ఎక్స్‌పొనెన్షియల్ అయితే మాత్రం నీ 120 నిజమే, దూకాల్సిందే.

కరీంనగర్_కుర్రోడు

గట్లనా! మరి 1 మి.సె. బర్స్ట్‌లైతే ఆగితే 2, దుంకితే 20 + 2 = 22. ఆడ అడిగేదే లేదు, కూసోవాలె.

తరంగిణి_24

రెండు ఛానెళ్ళతో ఇవాళ రాత్రి రన్ పెడతాను. స్విచింగ్ సమయం 5 నుంచి 50 దాకా మారుస్తూ, ఎం/ఎం/1 ప్రైమరీ ఒకసారి, ఆన్–ఆఫ్ ఒకసారి. అన్నా, నువ్వు రిపీట్ కూడా కలపమంటావా?

కరీంనగర్_కుర్రోడు

కలుపు అక్కా. కొత్త రాండమ్ నంబర్ మాత్రం తీయకు.